ముదిరిన ఇరవైనాలుగు గంటల నొప్పి: కోయించవలెనా? ఆగవలెనా?

గడచిన కార్తీక మాసములో ఒకే వారమున రెండు కుటుంబాలవారు అనకాపల్లిలోని మా ఇంటి మెట్లు ఎక్కారు. మొదట వచ్చినవారు గవరపాలెము నుండి ఒక ఉపాధ్యాయ దంపతులు. పందొమ్మిదేళ్ల వారి కుమారునికి మూడు రోజులుగా కడుపునొప్పి, వాంతులు, జ్వరము. ఆసుపత్రిలో చేర్చగా స్కానింగు తీసి, లోపల అపెండిక్సు పగిలి చీము కడుపంతా వ్యాపించినదనీ, ఆ రాత్రికే శస్త్రచికిత్స చేయవలెననీ వైద్యులు చెప్పారు. పిల్లవానిని మేనమామకు అప్పగించి వీరిద్దరూ కాగితములు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. “పంతులుగారూ, కత్తి పడకుండా లోలోపలే కరిగించే మందు మీ దగ్గర ఉంటుందని అందరూ అంటున్నారు. కాదనకండి” అన్నాడు తండ్రి. తల్లి ఏమీ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకుని గుమ్మము దగ్గరే నిలబడిపోయింది.

నాలుగు రోజుల తరువాత ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ఆయన భార్యకు నలభై ఆరేళ్లు. ఆమెకూ అదే వ్యాధి. నొప్పి మొదలైన ఐదవనాడు ఆసుపత్రికి వెళ్లగా, కుడి పొత్తికడుపులో గడ్డ కట్టినదనీ, ఇప్పుడు కోయుట మంచిది కాదనీ, మందులతో తగ్గించి తరువాత ఆలోచింతమనీ సర్జను చెప్పాడట. ఈయనకు పట్టరాని కోపము. “లోపల చీము ఉన్నదని ఆయనే అంటాడు. తీసివేయమంటే ఇప్పుడు తీయనంటాడు. ఇదెక్కడి న్యాయమండీ? విశాఖపట్నము తీసుకుపోయి కోయించేస్తాను” అని పట్టుపట్టాడు.

మొదటివారితో “ఈ క్షణమే వెనుకకు పోయి సంతకము చేయండి” అన్నాను. రెండవవారితో “ఆ సర్జను మాట విని ఆగండి” అన్నాను. వారము తిరగకుండా ఒకే వ్యాధికి రెండు విరుద్ధమైన సలహాలు ఇచ్చానని మా ఇంట్లోవారే ఆశ్చర్యపడ్డారు. పాఠకులలో కూడా ఈ సందేహము కలవారు ఉంటారు గావున కొంత వివరముగా వ్రాస్తున్నాను.

తెలుగు ఇళ్లలో ‘ఇరవైనాలుగు గంటల నొప్పి’ అని భయపడుతూ చెప్పుకునే వ్యాధి ఇది. వైద్యులు అపెండిసైటిస్ అంటారు. చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలిసే చోట, కుడి పొత్తికడుపులో, సంచివంటి భాగము ఒకటి ఉన్నది. దానిని ఉండుకము అంటాము. ఆ సంచికి వానపామువలె వ్రేలాడే, సుమారు వ్రేలెడు పొడవుగల సన్నని గొట్టమే ఉండుకపుచ్ఛము, అనగా అపెండిక్సు. మన సంహితలలో ఉండుకము పేరు ఉన్నది గాని ఈ తోకకు వేరుగా పేరు లేదు. ఉండుకపుచ్ఛము అనునది నవీనులు కూర్చిన మాట. లేనిదానిని ఉన్నదని చెప్పి గొప్పలు పోవుట నాకు ఇష్టము లేదు. అయితే ఈ వ్యాధి నడక ఎట్టిదో, ఎక్కడ మందు పని చేయునో, ఎక్కడ శస్త్రము పట్టవలెనో ఆలోచించుటకు పనికివచ్చే మాటలు అంతర్విద్రధి, గుల్మము అను ప్రకరణములలో పుష్కలముగా ఉన్నవి. వాటి సంగతి తరువాత చెబుతాను.

ఆ గొట్టము మొదలు, గట్టిపడిన మలపు ఉండవలననో వాపువలననో మూసుకుపోతుంది. లోపల ఊరే ద్రవము బయటకు రాలేదు. ఒత్తిడి పెరుగుతుంది. క్రిములు వృద్ధి చెందుతాయి. గోడకు రక్తప్రసారము తగ్గి, అది నల్లబడి, కుళ్లి, చివరకు చిల్లి పడుతుంది. మొదట బొడ్డు చుట్టూ అస్పష్టముగా ఉన్న నొప్పి కొన్ని గంటలలో కుడి పొత్తికడుపుకు దిగి, వ్రేలితో చూపగలిగినట్లు ఒకచోట నిలుస్తుంది. ఆకలి పూర్తిగా చచ్చిపోతుంది. సాధారణముగా నొప్పి ముందు, వాంతి తరువాత. దగ్గినా, నడిచినా, ఆటో గతుకులో పడినా ఆ చోట కలుక్కుమంటుంది. ‘ఇరవైనాలుగు గంటలు’ అను పేరును గడియారముగా భావించరాదు. ఒకరోజు నిండకముందే పగిలినవారు ఉన్నారు, పగలకుండానే గడచినవారూ ఉన్నారు. లక్షణములు మొదలై ఒకటిన్నర రోజు దాటిన కొద్దీ పగిలే అపాయము హెచ్చుతుందని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఇంకా పగలని, చీము పట్టని స్థితిలో ఉన్నవారికి క్రిమినాశక ఔషధములతోనే, అనగా యాంటీబయాటిక్సుతోనే, నయము చేయవచ్చునా అని ఇటీవలి కాలములో పెద్ద పరిశోధనలు జరిగినవి. ఫిన్లాండు దేశములో 2015లో ప్రకటితమైన పరిశోధనయందు 257 మందికి శస్త్రచికిత్స లేకుండా మందులు ఇచ్చి చూశారు. ఏడాది లోపల సుమారు 27 శాతము మందికి శస్త్రచికిత్స అవసరమైనది. ఐదేళ్లు గడచుసరికి 39 శాతము మందికి వ్యాధి తిరిగి వచ్చినది. అంటే పదిమందిలో ఆరుగురు కత్తి లేకుండానే బయటపడ్డారన్నమాట. ఈ సంగతి చేతి ఫోనులలో తిరిగి తిరిగి ‘అపెండిక్సుకు ఆపరేషను అక్కరలేదట’ అను మాటగా మారినది. ఉపాధ్యాయుడు నాకు చూపినది అటువంటి సందేశమునే. కాని ఆ 257 మందీ సిటి స్కానింగు ద్వారా ‘పగలలేదు, చీములేదు, లోపల మలపు ఉండ అడ్డుపడలేదు’ అని నిర్ధారణ అయినవారు. వారికి కుదిరిన మాట పగిలినవానికి కుదరదు.

ఇక పగిలిన తరువాత దారి రెండు విధములుగా చీలుతుంది. ఈ వ్యాసమునకు మూలము ఇదే గావున కొంచెము నిదానముగా చదవవలెను.

మన ప్రేగుల ముందు కొవ్వుతో కూడిన పల్చని తెర ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. చరకుడు కోష్ఠాంగములలో వపావహనము అని చెప్పినది దీనినే అని పలువురు వ్యాఖ్యానిస్తారు. కడుపులో ఎక్కడ వాపు వచ్చినా ఈ వప అక్కడికి జరిగి, పక్కనున్న ప్రేగులతో కలిసి ఆ భాగమును చుట్టుముడుతుంది. ఊరిలో ఒక ఇల్లు అంటుకుంటే పొరుగువారు నాలుగు పక్కలా నిలిచి మంట పాకకుండా చూచినట్లు. ఇట్లు చుట్టుకొనుటకు రెండు మూడు రోజుల వ్యవధి కావలెను. అది జరిగినచో చీము కడుపంతా పాకక ఒకచోట బంధింపబడుతుంది. కుడి పొత్తికడుపులో చేతికి తగిలే గడ్డ అదే. బ్యాంకు ఉద్యోగి భార్యకు జరిగినది ఇది.

ఆ చుట్టుగోడ కట్టుకొనకముందే పగిలినచో, లేక కట్టుకున్న గోడ తెగినచో, చీము, మలము, క్రిములు ఉదరకుహరమంతటా వ్యాపిస్తాయి. కడుపు చెక్కవలె గట్టిపడుతుంది. నాడి పరుగెత్తుతుంది. ముఖము పీక్కుపోతుంది. ఉపాధ్యాయుని కుమారునికి జరిగినది ఇది. ఈ స్థితిలో మందులతో కాలము గడుపుట అంటే ఇల్లంతా అంటుకున్నాక చెంబుతో నీళ్లు చల్లుట. కడుపు తెరచో, దుర్భిణి గొట్టము పంపియో, కుళ్లిన భాగమును తీసి, చీమును తోడి, లోపల కడిగి శుభ్రము చేయవలసినదే. అది రాత్రికి చేయవలెనన్నచో రాత్రికే చేయవలెను, మంచి రోజు చూచుటకు వీలులేదు. వారు అమావాస్య దాటనిమ్మని కూడా అడిగారు. పంచాంగము నాకూ తెలుసు, నేనే వద్దన్నాను.

ఆయుర్వేదమనగా కత్తికి విరోధి అని మన మధ్యతరగతి ఇళ్లలో ఎట్లు పాతుకున్నదో నాకు తెలియదు. సుశ్రుతుడు శస్త్రవైద్యుడు. ప్రేగులో అడ్డుపడిన బద్ధగుదోదరమునకు, ప్రేగు చిల్లిపడిన పరిస్రావ్యుదరమునకు బొడ్డు క్రింద ఎడమవైపున కోసి, ప్రేగులను కొంచెము కొంచెముగా బయటకు తీసి పరీక్షించి, అడ్డును తొలగించుటను చికిత్సాస్థానములో చెప్పాడు. చిల్లిపడిన ప్రేగు అంచులను దగ్గరకు చేర్చి పెద్ద నల్లచీమలచేత కరపించి, తలలు మాత్రము మిగులునట్లు వాటి మొండెములను తుంచివేయవలెనని కూడా చెప్పాడు. కుట్టుదారము పని చీమల తలలు చేసేవి. ఈ సంగతి మా గురుకులములో చదివిననాడు మేము పిల్లలము నవ్వాము. గురువుగారు నవ్వలేదు.

అదే సుశ్రుతుడు సూత్రస్థానములో వ్రణశోథమునకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడు దశలు చెప్పి, పండని గడ్డను తెలియక కోసేవానిని, పండినదానిని ఉపేక్షించి ఊరకుండేవానిని ఒకే గాటికి కట్టి నిందించాడు. పై రెండు కుటుంబములకు నేను ఇచ్చిన సలహాలు ఈ ఒక్క మాట నుండి వచ్చినవే. కాయచికిత్సకులకు ఆచార్యుడైన చరకుడు ఇంకొక మెట్టు పైకి పోయి, గుల్మము పక్వమైనప్పుడు అక్కడ అధికారము ధాన్వంతరీయులది, అనగా శస్త్రవైద్యులది, అని స్పష్టముగా పక్కకు తప్పుకున్నాడు. తన చేతిలో లేని పనిని తనది కాదని చెప్పగలుగుట కూడా వైద్యమే.

ఈ సందర్భమున మహాత్మాగాంధీగారి ఉదంతము చెప్పక తప్పదు. ఆసుపత్రులను, వైద్యులను 1909లో ‘హింద్ స్వరాజ్’ నందు తీవ్రముగా విమర్శించినవారాయన. జీవితాంతము మట్టిపట్టీలు, ఉపవాసము, తొట్టిస్నానములను నమ్మినవారు. 1924 జనవరిలో యరవాడ జైలులో ఉండగా ఈ నొప్పే ఆయనకు వచ్చినది. పూనాలోని సాసూన్ ఆసుపత్రికి తరలించగా, జనవరి 12 రాత్రి కర్నల్ మాడాక్ అను ఆంగ్లేయ సర్జను శస్త్రచికిత్స చేశాడు. మధ్యలో విద్యుద్దీపములు ఆరిపోగా లాంతరు వెలుతురులో పని ముగించారట. ఫిబ్రవరి 5న ప్రభుత్వము ఆయనను విడుదల చేసినది. ఆ రాత్రి ఆయన తన సిద్ధాంతమును అడ్డు పెట్టుకుని కాగితము మీద సంతకము చేయననలేదు. ఉపాధ్యాయునికి ఈ కథ చెప్పుచుండగానే ఆయన భార్య చెప్పులు తొడుగుకున్నది.

ఇంత ధీమాగా చెప్పుచున్నాను గాని, ఈ పాఠము నేను నేర్చుకున్న తీరు చెప్పుకొనదగినది కాదు. అయినను చెబుతాను. 1985 ప్రాంతము. గురుకులము విడిచి వచ్చి రెండేళ్లు కాలేదు. బెల్లము మార్కెటులో దిమ్మలు మోసే ఒక కళాసీ కొడుకు, పన్నెండేళ్లవాడు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడని పిలిచారు. అంతకుముందు రాత్రే నాయనమ్మ ఆముదము పట్టించింది. నాలుగైదు విరేచనములు అయినవి గాని నొప్పి హెచ్చినది. నేను వాతశూల అని నిశ్చయించి హింగ్వాష్టక చూర్ణము వేడినీటితో ఇచ్చాను, ఉప్పు మూటతో కాపడము పెట్టించాను. మరునాడు తెల్లవారుజామున ఆ తల్లి ఎదురువచ్చి “రాత్రి పొడుగునా ఏడ్చినాడు బాబూ, తెల్లారగట్ల ఒక్కపాలి తగ్గిపోనాది. తొంగున్నాడు” అని దండము పెట్టింది. నేను పొంగిపోయాను. పిల్లవానిని చూడకుండానే మజ్జిగ అన్నము పెట్టమని చెప్పి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నము గురువుగారు వేరే పనిమీద మా ఇంటికి వచ్చారు. ఈ విజయమును ఆయనకు చెప్పుకున్నాను. ఆయన అంతా విని, “నొప్పి తగ్గింది సరే, నాడి తగ్గిందా?” అని అడిగారు. నా దగ్గర సమాధానము లేదు. ఇద్దరమూ వెళ్లాము. పిల్లవాడు కదలకుండా మోకాళ్లు మడుచుకుని పడుకుని ఉన్నాడు. నాడి లెక్కకు అందటము లేదు. కడుపు మీద చెయ్యి వేస్తే పలక మీద వేసినట్లున్నది. ఉబ్బిన గొట్టము పగిలినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పోయి కొన్ని గంటలు నొప్పి తగ్గుతుంది. దానినే మేము ఉపశమనమనుకున్నాము. టాక్సీలో విశాఖపట్నము చేర్చుసరికి రాత్రి అయినది. అక్కడివారు చేయవలసినదంతా చేశారు. ఆరవనాడు పిల్లవాడు పోయాడు.

ఆ వీధిలో ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. వాని నుదుటి వ్రాత అన్నారు. నాయనమ్మ చాలా ఏళ్లు బ్రతికి, జ్వరము వచ్చినప్పుడెల్లా మందుకు నా దగ్గరకే వచ్చేది. ఆముదము సీసా చూచినప్పుడు నాకు ఆ ఇల్లు గుర్తుకు వస్తుంది.

అందుచేత గృహిణులకు నా విన్నపము. కడుపునొప్పికి వాము నమలుట, ఇంగువ నీళ్లలో రంగరించి బొడ్డు చుట్టూ రాయుట, జీలకర్ర కషాయము, ఇవన్నీ అజీర్తికి మంచివే, నేనే ఎన్నోసార్లు ఈ పత్రికలో వ్రాశాను. కాని నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు దిగినా, తాకితే ఓర్వలేకున్నా, నొప్పితో పాటు వాంతి, జ్వరము ఉన్నా, ఆరు గంటలకు మించి తగ్గకున్నా, ఆ క్షణము నుండి వంటింటి వైద్యము ఆపివేయవలెను. ఆముదము, సునాముఖి, త్రిఫల, వస్తికర్మ, ఏ విరేచనమూ వద్దు. ప్రేగుల కదలిక పెరిగితే కుళ్లిన గోడ చీలుతుంది. వేడినీళ్ల సంచీ వద్దు. మర్దనము వద్దు. మందుల దుకాణములో మాత్రలు తెచ్చి నొప్పిని అణచిపెట్టి ఇంట్లో కూర్చొనవద్దు. ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి ఇచ్చే నొప్పిమందు సంగతి వేరు. ఆహారము పెట్టరాదు. శస్త్రచికిత్స అవసరమైతే కడుపు ఖాళీగా ఉండవలెను. దాహమైతే నోరు తడుపుట చాలును. అపరాత్రి అయినా 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. 2005 నుండి మన రాష్ట్రములో ఈ సౌకర్యము ఉన్నది. మేము ఆనాడు టాక్సీ కొరకు గంటన్నర తిరిగాము.

అయిదేళ్ల లోపు పిల్లలు, వృద్ధులు, మధుమేహము కలవారు, గర్భిణులు, ఈ నలుగురి విషయములో మరింత జాగ్రత్త అవసరము. పిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేరు. వృద్ధులకు, మధుమేహ రోగులకు నొప్పి, జ్వరము రెండూ మందముగా ఉండి లోపల పగిలేవరకు తెలియకపోవచ్చును. నెలలు నిండుతున్నకొద్దీ గర్భిణికి నొప్పి పొత్తికడుపులో గాక కొంచెము పైన కనిపించవచ్చును.

ఇక గడ్డ కట్టినవారి సంగతి. గోడ కట్టుకున్న గడ్డను వెంటనే తెరచినచో ఏమగును? వాచి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కున్న ప్రేగులను విడదీయబోగా అవి చిరుగుతాయి. తోకను తీయబోయి ఉండుకమును, ఒక్కొక్కప్పుడు పెద్దప్రేగు కుడిభాగమంతటిని తీయవలసి రావచ్చును. ప్రకృతి కట్టిన గోడను మనమే కూల్చినట్లవుతుంది. ఈ భయమువలననే 20వ శతాబ్ది ఆరంభములో చికాగోలో ఆక్స్నర్, లండనులో షెర్రెన్ అను సర్జనులు ఇట్టి గడ్డలను కోయక, నోటికి ఏమీ ఇవ్వక, పడుకోబెట్టి కనిపెట్టి ఉండే పద్ధతిని ఏర్పరచారు. నేటికీ వైద్య విద్యార్థులు వారి పేర్లతోనే దానిని చదువుకుంటారు.

కోయకుండుట అంటే ఊరకుండుట కాదు, ఇంట్లో ఉండుట అసలే కాదు. రోగి ఆసుపత్రి మంచము మీద ఉండవలెను. నోటి ఆహారము ఆపి, నరము ద్వారా ద్రవములు, యాంటీబయాటిక్సు ఇస్తారు. చర్మము మీద గడ్డ అంచుల వెంబడి కలముతో గీత గీస్తారు. రోజూ ఆ గీతకు లోపల ఉన్నదా, బయటకు వచ్చినదా అని చూస్తారు. నాడి, జ్వరము గంటల వారీగా వ్రాస్తారు. గీత లోపలికి గడ్డ కుంచించుకుపోయి, నాడి నెమ్మదించి, ఆకలి పుట్టినచో సరియైన దారిలో ఉన్నట్లు. నాడి వేగము హెచ్చినా, గడ్డ గీత దాటినా, నొప్పి కడుపంతా పాకినా, అంతవరకు కోయనన్న సర్జనే అప్పటికప్పుడు కోస్తాడు. గడ్డ నడుమ చీము మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి చేరినచో అల్ట్రాసౌండులో చూస్తూ సూది ద్వారా సన్నని గొట్టము వేసి చీమును బయటకు తీస్తారు. ఇదియు శస్త్రకర్మమే, కాని పెద్ద కోత కాదు.

చీమును తీసి తోకను వదిలివేయుట కొత్త సంగతి కాదు. 1902లో ఇంగ్లండు రాజు, అప్పటి మన చక్రవర్తి, ఏడవ ఎడ్వర్డునకు జూన్ 26న పట్టాభిషేకము నిర్ణయమై, దేశదేశాల రాజులు లండను చేరుకున్న తరువాత ఈ వ్యాధి ముదిరి గడ్డ అయినది. జూన్ 24న ఫ్రెడరిక్ ట్రీవ్స్ అను సర్జను రాజభవనములోనే కోసి చీమును బయటకు వదిలాడు, అపెండిక్సును ముట్టలేదు. ఆగస్టు 9న పట్టాభిషేకము జరిగినది. రాజు 1910 వరకు జీవించాడు. అంతకు రెండేళ్ల ముందు, 1900లో, ఆ ట్రీవ్స్ స్వంత కుమార్తె ఇదే వ్యాధి పగిలి మరణించింది. ఈ రోగములో ఆలస్యమునకు వెల ఎంతో ఆ తండ్రికి తెలిసినంతగా ఎవరికి తెలుసును?

ట్రీవ్సుకు లేనిది, నేటివారికి ఉన్నది యాంటీబయాటిక్సు. ఈ వరుసలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించారు. సోదరులను బలిగొన్న స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి తనకు వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికా వెళ్లి, ఆయన నాయకత్వము వహించిన పరిశోధనశాల నుండే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిను జాతిలో అది మొదటిది. ఉదరములోని చీముకు నేడు వాడేవి వేరు మందులే అయినను, ఈ రెండు వైద్యములు శత్రువులని వాదించేవారికి నేను ఈ పేరు చెబుతూ ఉంటాను.

గడ్డ తగ్గిన తరువాత తోకను తీయించవలెనా? పూర్వము ఆరు నుండి ఎనిమిది వారములు ఆగి అందరికీ తీసేవారు. ఇప్పుడు నలభై ఏళ్లలోపు వారికి, మరల బాధ లేనప్పుడు, తప్పనిసరిగా తీయనక్కరలేదని శస్త్రవైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకములు చెబుతున్నవి. తిరిగి వచ్చే అవకాశము నూటికి 12 నుండి 24 వరకు ఉన్నది గావున నొప్పి మరల కలిగినచో వెంటనే వెళ్లవలెను. చేయి తిరిగిన లాపరోస్కోపు సర్జనులు ఉన్నచోట గడ్డ దశలోనే తీయుట మేలని చెప్పేవారు కూడా ఉన్నారు. ఈ విషయమున సర్జనులలోనే ఏకాభిప్రాయము లేదు. మీ సర్జను అనుభవమును, అక్కడి సాధనములను బట్టి అది నిర్ణయమవుతుంది.

నలభై దాటినవారి మాట మాత్రము వేరు. ఫిన్లాండులోనే, గడ్డ తగ్గినవారి మీద జరిగిన మరొక పరిశోధన 2019లో వెలువడినది. ఆ 60 మందిలో 12 మందికి అపెండిక్సులో కంతి బయటపడినది. ఆ 12 మందీ నలభై దాటినవారే. పరిశోధనను మధ్యలోనే ఆపివేశారు. కనుక నలభై దాటినవారు నొప్పి పోయినదని ఊరకుండక, సిటి స్కానింగు, పెద్దప్రేగును లోపలినుండి చూచే కొలనోస్కోపీ పరీక్ష చేయించుకొనవలెను. తోకను తీయించుకొను విషయము కూడా సర్జనుతో మాట్లాడవలెను. బ్యాంకు ఉద్యోగికి నేను రెండుసార్లు నొక్కి చెప్పినది ఇదే. మొదట కోయలేదని కోపగించినవారే, తగ్గిన తరువాత ఆసుపత్రి గడప తొక్కరు. అది మానవ స్వభావము.

ఉపాధ్యాయుని కుమారునికి ఆ రాత్రే శస్త్రచికిత్స జరిగినది. గాయము దగ్గర కొంచెము చీము పట్టి ఇరవై రోజులు బాధపడ్డాడు గాని గట్టెక్కాడు. కుట్లు విప్పిన తరువాత తల్లి వచ్చి పథ్యము అడిగినది. పప్పు తింటే చీము పడుతుందని పక్కింటివారు చెప్పగా పిల్లవానికి మూడు వారములుగా చారు అన్నమే పెడుతున్నదట. పిల్లవాడు ఎముకల గూడయ్యాడు. చీము పట్టునది క్రిములవలన, పప్పువలన కాదు. గాయము పూడుటకు మాంసధాతువును పెంచే ఆహారము కావలెను. ప్రేగులు కదిలి, వైద్యుడు తినవచ్చునన్న తరువాత మన శాస్త్రములో చెప్పిన పేయాది క్రమమే చక్కనిది. మొదట పలుచని బియ్యపు జావ, తరువాత చిక్కని జావ, తరువాత తాలింపు లేని పెసరకట్టు, ఆపైన నేయి, జీలకర్రతో తాలింపు వేసిన పెసరకట్టు, మెత్తని అన్నము. ఒక్కొక్క మెట్టు ఒకటి రెండు రోజులు. దానిమ్మరసము, వెన్న తీసిన పలుచని మజ్జిగ మంచివి. మాంసాహారులకు కోడిగ్రుడ్డు నిషేధము కాదు. పచ్చిమిరప, ఊరగాయ, నూనెలో వేగినవి, మినప పిండివంటలు నెలరోజులు దూరము.

బ్యాంకు ఉద్యోగి భార్యకు గీత గీసిన నాలుగవనాటికి గడ్డ సగమైనది. తొమ్మిదవనాడు ఇంటికి పంపారు. ఎనిమిది వారముల తరువాత కొలనోస్కోపీ చేయించుకున్నది, ఏ దోషమూ కనబడలేదు. తోకను తీయించుకొనుటకు మాఘమాసములో వెళ్లుటకు నిశ్చయించుకున్నారు. సంక్రాంతి ముందు ఆమె స్వయముగా వచ్చి, అరిసెలు వండవచ్చునా, తినవచ్చునా అని అడిగినది. మార్కెటులోకి కొత్త బెల్లము దిగే రోజులు. వండి అందరికీ పెట్టమన్నాను. కొత్త బెల్లము కఫము చేసి జఠరాగ్నిని మందగింపజేస్తుంది గావున ఆమెను మాత్రము ఒక్క అరిసెతో సరిపెట్టుకొని, నిరుటి పాత బెల్లము ఇంట్లో ఉంటే దానితో శొంఠి కలిపి రోజుకు ఉసిరికాయంత తీసుకొమ్మన్నాను.